స్టోర్నోవే రేవు నుంచి తెలుగు పల్లెల దాకా: కల్నల్ కాలిన్ మెకంజీ

స్కాట్లాండుకు వాయవ్య దిక్కున, సముద్రం మధ్యలో లూయిస్ అనే దీవి ఉంది. మన పాఠకుల్లో చాలామందికి ఆ దీవి సంగతి కొత్త కాదు. 1949లో అక్కడ మొదలైన హెబ్రిడీస్ ఉజ్జీవం గురించి, బార్వస్ గ్రామంలో పట్టుదలగా ప్రార్థించిన ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ల గురించి మన కూడికల్లో వింటూనే ఉంటాం. కానీ తెలుగువాళ్లకు ఆ దీవితో అంతకన్నా పాత సంబంధం ఒకటుంది. అది మనలో ఎక్కువమందికి తెలియదు.

ఆ దీవికి పెద్ద ఊరు స్టోర్నోవే. ఊరంటే ఏడెనిమిది వేల జనం ఉండే చిన్న రేవు పట్టణం. ఉల్లాపూల్ అనే రేవులో ఓడెక్కితే రెండున్నర గంటలకు పైగా ప్రయాణం. విశ్రాంతి దినాన్ని గట్టిగా పాటించే ప్రాంతం కాబట్టి 2009 దాకా ఆ దారిలో ఆదివారం ఓడ నడవలేదు. చేపల పడవలు ఆగే రేవు, దానికి ఎదురుగా గుట్ట మీద లూస్ కోట, ఊళ్లో పాత రాతి చర్చిలు, ఇవీ అక్కడికి వెళ్లినవాళ్లు చూసేవి. కోటను 1844లో దీవిని కొన్న జేమ్స్ మాథెసన్ కట్టించారు. ఆయన సంపద చైనాకు నల్లమందు అమ్మిన వ్యాపారం నుంచి వచ్చింది. ఆ నల్లమందు పండింది మన దేశంలోనే. ఊరి మధ్యలో ఉన్న మార్టిన్స్ మెమోరియల్ చర్చిని అలెగ్జాండర్ మెకంజీ పుట్టిన ఇంటి స్థలంలో కట్టారు. 1793లో ఉత్తర అమెరికా ఖండాన్ని దాటి పసిఫిక్ సముద్రం చేరిన అన్వేషకుడు ఆయన.

అదే ఊళ్లో, అదే ఇంటిపేరుతో, ఆయనకన్నా కొన్నేళ్లు ముందు పుట్టిన మరొక మెకంజీ గురించే ఈ వ్యాసం. ఆయన పేరు కాలిన్ మెకంజీ. ఆయన కోట కట్టించలేదు, కొత్త దేశమేదీ కనిపెట్టలేదు. తెలుగు పల్లెలు తమ గురించి చెప్పుకున్న సంగతులను కాగితం మీద పెట్టించారు. ఆ పని జరగకపోతే ఎన్నో ఊళ్ల చరిత్ర ఈనాటికి ఒక్క వాక్యం కూడా మిగిలేది కాదు.

కాలిన్ మెకంజీ 1754లో పుట్టారు. మన ఎలగందుల కోటలోని ఊగే మినార్లు జాఫరుద్దౌలా కాలంలో, అదే సంవత్సరంలో కట్టినవని చెబుతారు. మానేరు ఒడ్డున ఆ మినార్లు లేస్తున్న రోజుల్లో స్టోర్నోవేలో ఒక వర్తకుడి ఇంట్లో ఈ బిడ్డ పెరుగుతున్నాడన్న మాట. తండ్రి మర్డాక్ మెకంజీ ఆ ఊరికి తొలి పోస్టుమాస్టరు కూడా. కాలిన్ పెద్దయ్యాక అదే రేవులో సుంకాల శాఖలో ఉద్యోగం చేశారు. వచ్చే ఓడలు, దిగే సరుకులు, కట్టాల్సిన సుంకాలు లెక్క రాయడం ఆ పని. దేన్నైనా చూసి, కొలిచి, రాసి పెట్టే అలవాటు అక్కడే అబ్బి ఉండాలి.

ఆయనకు లెక్కలంటే ఇష్టం. లాగరిథమ్‌లు కనిపెట్టిన జాన్ నేపియర్ వంశంలో పుట్టిన ఒక ప్రభువు తన పూర్వికుడి జీవితం రాయబూని, భారతదేశపు గణితం గురించి వివరాలు సేకరించే పని యువకుడైన మెకంజీకి అప్పగించారు. ఆ ప్రభువు మరణంతో పుస్తకం ఆగిపోయింది. మెకంజీ కుతూహలం ఆగలేదు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగం సంపాదించి, 1783 సెప్టెంబరులో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫైకి దగ్గర. ఆ తర్వాత బతికిన ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా స్టోర్నోవేకు తిరిగి వెళ్లలేదు.

వచ్చిన కొత్తలో మదురైకి వెళ్లారు. ఆ నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ అప్పుడు అక్కడ ఉన్నారు. ఆమె ఇంట్లో స్థానిక పండితులతో పరిచయం కలిగింది. ఈ దేశపు పాత సంగతులు సేకరించాలన్న కోరిక అక్కడ పుట్టింది. కానీ ఆయన సైనికుడు. మొదటి పదమూడేళ్లు యుద్ధాలు, రోడ్లు, కోటల కొలతలతోనే గడిచిపోయాయి. గుంటూరు, నెల్లూరు ప్రాంతాల్లో సర్వే చేశారు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లో ఇంజనీరుగా పనిచేశారు.

1792 తర్వాత ఆయనను నిజాం రాజ్యానికి పంపారు. హైదరాబాదులో కంపెనీ ఉంచిన సైన్యానికి ఇంజనీరు, సర్వేయరు ఆయనే. దక్కను పటం తయారు చేయడం ఆయన బాధ్యత. అప్పటికి కరీంనగర్ ఇంకా జిల్లా కేంద్రం కాదు, ఈ ప్రాంతానికి ఎలగందులే కేంద్రం. నిర్మల్ చుట్టూ కోటలు లేచాయి. నిజాం కొలువులో ఫ్రెంచివాళ్లు సైన్యానికి శిక్షణ ఇస్తున్నారు. అలాంటి రాజ్యంలో ఇంగ్లిషు సర్వేయరు గొలుసులు పట్టుకొని తిరిగితే అనుమానాలు రావడం సహజం. మధ్యలో యుద్ధాల కోసం వెళ్లిపోవాల్సి వచ్చేది, మళ్లీ తిరిగి రావాల్సి వచ్చేది. పని ముక్కలు ముక్కలుగా సాగింది.

ఆయనకు ఇంకొక పెద్ద లోటు కూడా ఉంది. తెలుగు రాదు, తమిళం రాదు, కన్నడం రాదు. ఇన్ని దశాబ్దాలు మన మధ్య ఉండి కూడా ఏ దేశభాషనూ ఆయన బాగా నేర్చుకోలేదు. మరి ఇన్ని వేల కాగితాలు ఎలా పోగయ్యాయి? 1796 ప్రాంతంలో ఏలూరుకు చెందిన ఒక కుర్రవాడు ఆయన దగ్గర పనిలో చేరడంతో దారి దొరికింది. ఆ కుర్రవాడే కావలి వెంకట బొర్రయ్య. అప్పటికి ఇరవై ఏళ్ల వయసు. చాలా భాషలు తెలుసు. ఊళ్లోకి వెళ్తే పెద్దలతో ఎలా మాట్లాడాలో, కరణం దగ్గర ఏ కాగితాలుంటాయో, గుడి గోడ మీది పాత అక్షరాలను ఎలా చదవాలో తెలుసు. మెకంజీ మనసులోని కోరిక బొర్రయ్య చేతుల్లో పనిగా మారింది.

1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక మైసూరు రాజ్యమంతా సర్వే చేసే బాధ్యత మెకంజీకి వచ్చింది. సుమారు నలభై వేల చదరపు మైళ్లు. కంపెనీకి కావలసింది సరిహద్దులు, దారులు, పన్నులు. మెకంజీ వాటితో పాటు ఇంకో పని కలిపారు. కొలత గొలుసు వెళ్లిన చోటికల్లా బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్లు తయారు చేసిన మనుషులు వెళ్లి ఊరి సంగతులు అడిగేవారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? చెరువు ఎవరు తవ్వించారు? గుడి ఎవరు కట్టించారు? ఏ రాజు కాలంలో ఎవరికి మాన్యం ఇచ్చారు? కరువు ఎప్పుడు వచ్చింది, ఊరు ఎప్పుడు ఖాళీ అయింది, మళ్లీ ఎవరు వచ్చి నిలబెట్టారు? కరణాల ఇళ్లలో ఉన్న దండకవిలెలను చూసి రాసుకునేవారు. శాసనాలను అక్షరం అక్షరం నకలు తీసేవారు. ఇలా తయారైన ఊరి వృత్తాంతాలకే కైఫీయత్తులని పేరు.

ఇది తేలికైన పని కాదు. కంపెనీ మనిషి వచ్చి మాన్యాల గురించి అడుగుతుంటే, వాటిని లాగేసుకుంటారేమో, పన్ను పెంచుతారేమో అని ఊళ్లవాళ్లు భయపడేవారు. ఆ భయం అర్థం లేనిది కూడా కాదు. ఎండలో, వానలో, జ్వరాల మధ్య నెలల తరబడి తిరిగిన ఆ సహాయకులు తాము వెళ్లిన చోటు, కలిసిన మనుషులు, దొరికిన కాగితాల గురించి మెకంజీకి క్రమం తప్పకుండా నివేదికలు పంపేవారు.

1803లో బొర్రయ్య మరణించారు. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. మెకంజీకి అది సొంత మనిషిని పోగొట్టుకున్నంత దెబ్బ. తర్వాత లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకున్నారు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా ఆ పనిలో చేరారు. ఈ రామస్వామే తర్వాత దక్కను కవుల జీవిత చరిత్రలను ఇంగ్లిషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించారు. ఏలూరు కావలి వారి అన్నదమ్ములు లేకుండా మెకంజీ సేకరణ లేదు.

మెకంజీ పేరు చెబితే అమరావతిని కూడా తలుచుకోవాలి. కృష్ణ ఒడ్డున వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించుకుంటూ, పక్కనే ఉన్న దిబ్బలో నుంచి రాళ్లూ ఇటుకలూ తవ్విస్తున్నారు. అది పాత బౌద్ధ స్తూపమని అప్పుడు ఎవరికీ తెలియదు. 1790ల చివర మెకంజీ అక్కడికి వెళ్లి, చెక్కడాలు చూసి, ఇది మామూలు దిబ్బ కాదని గుర్తించారు. కానీ వెంటనే ఆగి పని చేసే వీలు ఆయనకు లేకపోయింది. 1816లో తన బృందంతో తిరిగి వచ్చేసరికి దిబ్బ మధ్యలో కోనేరు తవ్వేశారు, చాలా రాళ్లు పోయాయి. మిగిలిన వాటిని కొలిచి, ఒక్కొక్క చెక్కడాన్నీ బొమ్మ గీయించారు. ఆ బొమ్మల్లో ఉన్న కొన్ని రాళ్లు ఈరోజు ఎక్కడా లేవు. కాగితం మీదే మిగిలాయి. ఇరవై ఏళ్లు ఆలస్యమైతే ఎంత పోతుందో అమరావతిని చూస్తే తెలుస్తుంది.

ఈలోగా 1811లో ఆయనను జావా యుద్ధానికి పంపారు. అక్కడే 1812లో పెట్రొనెల్లా బార్టెల్స్ అనే డచ్చి యువతిని వివాహం చేసుకున్నారు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1816లో థామస్ హికీ గీసిన ఆయన చిత్రం ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్ర కోటు వేసుకున్న మెకంజీ ఒంటరిగా నిలబడలేదు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు ఉన్నారు. వారిలో ఒకరి చేతిలో దూరదర్శిని ఉంది. వెనక దూరంగా కార్కళలోని గోమటేశ్వర విగ్రహం కనిపిస్తుంది. తన పనివాళ్లను పక్కన నిలబెట్టుకొని బొమ్మ గీయించుకున్న అధికారులు ఆ కాలంలో ఎక్కువమంది లేరు.

ఉద్యోగరీత్యా చివరికి కలకత్తా వెళ్లారు. సేకరించిన పెట్టెలన్నీ వెంట తీసుకెళ్లారు. వాటినంతా సర్ది, అర్థం రాసి, పుస్తకంగా తేవాలనుకున్నారు. ఆరోగ్యం సహకరించలేదు. 1821 మే 8న కన్నుమూశారు. కలకత్తా పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి చేశారు. అనుకున్న పుస్తకం రాలేదు.

ఆయన భార్య ఆ సేకరణను కంపెనీకి లక్ష రూపాయలకు ఇచ్చారు. హొరేస్ హేమన్ విల్సన్ దాని జాబితా తయారు చేసి 1828లో అచ్చు వేశారు. పదిహేను వందలకు పైగా తాళపత్ర, కాగితపు గ్రంథాలు, రెండు వేలకు పైగా ఊరి వృత్తాంతాలు, ఎనిమిది వేలకు పైగా శాసనాల నకళ్లు, 2,630 బొమ్మలు, 6,218 నాణేలు అందులో లెక్కకు వచ్చాయి. ఆ తర్వాత కొన్ని లండన్ వెళ్లాయి. దక్షిణాది భాషల్లో ఉన్నవి మద్రాసు చేరాయి. వాటిలో చాలా కాగితాలు చెదలకు, తడికి చెడిపోతుంటే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పూనుకొని మళ్లీ నకళ్లు రాయించారు. ఈనాడు కడప జిల్లా ఊళ్ల కైఫీయత్తులు సంపుటాలుగా అచ్చయి మనం చదువుకోగలుగుతున్నామంటే ఈ చేతులన్నీ మారి వచ్చినందువల్లే.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పకుండా ముగించకూడదు. మెకంజీ మరణించాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చారు. పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషి. మద్రాసులో 1833లో ఒక సాహిత్య సంఘాన్ని కూడా స్థాపించారు. అయినా కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఆయన విన్నపాన్ని తోసిపుచ్చారు. ఒక దేశీయుడు ఇలాంటి పని స్వతంత్రంగా చేయలేడని జేమ్స్ ప్రిన్సెప్ లాంటి గొప్ప పండితుడే అభిప్రాయపడ్డారు. ఊరూరా తిరిగినప్పుడు, శాసనాలు చదివినప్పుడు, అనువాదాలు చేసినప్పుడు అడ్డం రాని సంగతి, పేరు పెట్టే సమయానికి అడ్డం వచ్చింది. సేకరణకు మెకంజీ పేరు నిలిచింది. కావలి సోదరుల పేర్లు చాలా కాలం పుస్తకాల అడుగున ఉండిపోయాయి.

మెకంజీ మంచి పని చేశారు. ఆయన కొలిచిన నేల మీద కంపెనీ పెత్తనం స్థిరపడింది కూడా. ఆయన పటాలు సైన్యాలకు దారి చూపాయి. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలోవి. ఒకటి చెప్పి ఒకటి దాచడం సరైన చరిత్ర కాదు.

పోగొట్టుకోవడం ఏమిటో స్టోర్నోవేకూ తెలుసు. 1831లో లూయిస్ దీవి ఇసుకలో వాల్రస్ దంతంతో చెక్కిన పాత చదరంగపు బొమ్మలు దొరికాయి. 93 వస్తువుల్లో 82 లండన్‌కు, 11 ఎడిన్‌బరోకు చేరాయి. ఇప్పుడు లూస్ కోటలోని మ్యూజియంలో ఆరు మాత్రం ఉన్నాయి, అవీ లండన్ వాళ్లు అరువిచ్చినవే. ఆ బొమ్మలున్న బ్రిటిష్ మ్యూజియంలోనే అమరావతి రాళ్లూ ఉన్నాయి. 2017లో స్టోర్నోవేలో కాలిన్ మెకంజీ సేకరణ మీద ప్రదర్శన పెట్టినప్పుడు, ఆయన పోగుచేసిన వస్తువులను ఆయన పుట్టిన ఊరి జనం చూశారు. మనిషి తిరిగి వెళ్లలేదు గానీ, రెండు వందల ఏళ్లకు ఆయన పెట్టెలు కొన్ని ఆ రేవుకు వెళ్లివచ్చాయి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కైఫీయత్తుల్లో ఎక్కువ భాగం కంపెనీ పాలనలోకి వచ్చిన జిల్లాలవి. నిజాం రాజ్యంలో మిగిలిపోయిన మన ఊళ్లవి చాలా తక్కువ. కడప జిల్లాలో ఒక పల్లెటూరి మనిషి రెండు వందల ఏళ్ల కిందట తన ఊరు ఎలా ఉండేదో పుస్తకం తెరిచి చూసుకోగలడు. మన పల్లెల్లో చాలామందికి ఆ అవకాశం లేదు. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉందని, కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయని గత యాభై ఏళ్లలోనే లోకానికి తెలిసింది. ఈ మధ్యలో ఎన్ని దిబ్బలు పొలాలయ్యాయో చెప్పేవాళ్లు లేరు.

పోవడం ఇంకా ఆగలేదు కూడా. మిడ్ మానేరు నీళ్ల కింద కొదురుపాక, చింతల్‌ఠాణా, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. ఎల్లంపల్లి కింద గోదావరికి రెండు పక్కలా పల్లెలు పోయాయి. రామగుండం, మంచిర్యాల వైపు ఓపెన్‌కాస్ట్ గనులు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించాయి. పరిహారం లెక్కలు ఆఫీసుల్లో ఉంటాయి. ఎవరి బావి ఎక్కడుండేది, ఏ చెట్టు కింద పంచాయితీ జరిగేది, ఏ సమాధి ఎవరిది, ఈ లెక్క ఏ ఆఫీసులోనూ ఉండదు. అది ముసలివాళ్ల తలల్లో ఉంది. వాళ్లతోనే పోతుంది.

మన సంఘాల సంగతీ అంతే. పందొమ్మిదో శతాబ్దం చివర వెస్లియన్ మిషనరీలు కరీంనగర్ ప్రాంతానికి వచ్చారు. వాళ్ల ఉత్తరాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. గుడి గోడ మీది పలకపై మిషనరీ దొర పేరు ఉంటుంది. కానీ ఆయన ముందు నడిచి, ఊరి భాషలో మాట్లాడి, దెబ్బలు తిని, రాత్రి బడి నడిపిన తెలుగు ఉపదేశకుడి పేరు? ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీ పేరు? మొదట బాప్తిస్మం తీసుకొని ఊరి వెలికి గురైన కుటుంబం పేరు? బొర్రయ్యకు, లక్ష్మయ్యకు జరిగిందే వీళ్లకూ జరిగింది. తేడా ఏమిటంటే ఈసారి మరిచిపోయినది పరాయివాళ్లు కాదు, మనమే.

యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్లు ఎందుకు నిలబెట్టించాడో మనకు తెలుసు. పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికి. రాయి ఉండి చెప్పేవాడు లేకపోతే అమరావతి దిబ్బలా అవుతుంది. ఎవరో వచ్చి ఇంటి గోడకు వాడుకుంటారు.

దీనికి సర్వేయర్ జనరల్ రానక్కర్లేదు. ప్రతి సంఘంలో ఒక నోటు పుస్తకం, చేతిలో ఫోను ఉన్న ఇద్దరు యువకులు చాలు. ఎనభై దాటిన అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చోవాలి. కావలి సోదరులు అడిగిన ప్రశ్నలే అడగాలి. ఈ ఊరికి, ఈ వాడకు ఆ పేరు ఎలా వచ్చింది? మొదటి ప్రార్థన ఎవరి ఇంట్లో జరిగింది? గుడికి స్థలం ఎవరిచ్చారు, రాళ్లు ఎవరు మోశారు? ఎవరితో తగాదా వచ్చింది, ఎలా తీరింది? కలరా వచ్చినప్పుడు, రజాకార్ల కాలంలో ఏం జరిగింది? పాత బాప్తిస్మపు రిజిస్టరు చిరిగిపోకముందే ప్రతి పేజీనీ ఫొటో తీయాలి. సమాధుల మీది పేర్లు చెరిగిపోకముందే రాసుకోవాలి. చెప్పినవారి పేరు, అడిగినవారి పేరు, తేదీ కింద తప్పకుండా రాయాలి. మన పూర్వికులకు అందని గౌరవం అదే.

మెకంజీ అమరావతికి రెండోసారి వెళ్లేసరికి దిబ్బ మధ్యలో కోనేరు ఉంది. మన సంఘంలో అన్నిటికన్నా పెద్ద వయసున్నవారు ఎవరో ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కనుక్కోండి. వీలైతే ఆ సాయంత్రమే పుస్తకం తీసుకొని వాళ్లింటికి వెళ్లండి.